పాత 4×5 హోల్డర్‌లో ఇన్‌స్టాక్స్ వైడ్ ఫిల్మ్ వాడటం: మొదటి నుంచి చివరి దాకా

4×5 అంగుళాల షీట్ ఫిల్మ్ వాడే కెమెరా ఉంది, మామూలు షీట్ ఫిల్మ్ హోల్డర్లు రెండో మూడో ఉన్నాయి, ఇప్పుడు బజార్లో దొరికే ఇన్‌స్టాక్స్ (తీసిన వెంటనే బొమ్మ తేలే ఫ్యూజీ ఫిల్మ్) అందులో ఎక్కుతుందా అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఎక్కుతుంది. హోల్డర్‌కి కన్నం పెట్టక్కర్లేదు, కెమెరాని కోయక్కర్లేదు, ఏదీ పాడుచేయక్కర్లేదు.

పని మొత్తం ఒక్క వాక్యంలో చెప్పాలంటే ఇదీ: చీకట్లో ప్యాక్‌లోంచి ఒక షీట్ తీసి, పల్చటి క్యారియర్ (షీట్‌ని మోసే రేకు) మీద నిలబెట్టి, హోల్డర్‌లోకి ఎక్కించి, ఫోటో తీసి, మళ్లీ చీకట్లోనే ఆ షీట్‌ని ఖాళీ కార్ట్‌రిడ్జ్‌లో (ఫిల్మ్ వచ్చే ప్లాస్టిక్ పెట్టెలో) పెట్టి ఒక ఇన్‌స్టాక్స్ కెమెరా రోలర్ల గుండా బయటికి పంపడం.

సగం పని కంటికి కనపడకుండా, వేళ్లతోనే జరుగుతుంది. అందుకే ఈ గైడ్‌లో ఫోటో తీయడం కంటే దానికి ముందు చేసే ఏర్పాట్లకే ఎక్కువ చోటిచ్చాను. ఫిల్మ్ ఖరీదు చూసి ఒక్క షీట్ కూడా ప్రాక్టీస్‌కి వదలకుండా నేరుగా దిగితే ప్యాక్ మొత్తం పోతుంది, ఒక్క షీట్ ముందే వదులుకుంటే మిగతా తొమ్మిదీ దక్కుతాయి.

1. ముందు ఏ ఫిల్మో తేల్చుకోండి

పాత పోలరాయిడ్ 405 లాంటి హోల్డర్లు పీల్-అపార్ట్ ఫిల్మ్ (తీశాక రెండు పొరలుగా ఒలిచేది) కోసం చేసినవి. ఫ్యూజీ ఎఫ్‌పీ-100సీ ఆపేస్తున్నట్టు 2016లో ప్రకటించాక వాటికి కొత్త ఫిల్మ్ దొరకడం దాదాపు లేదు. ఈ పద్ధతికి వాటితో పని లేదు, రెండు వైపులా డార్క్ స్లైడ్ (వెలుతురు ఆపే పలక) ఉండే మామూలు షీట్ ఫిల్మ్ హోల్డర్ (ఫిడెలిటీ, లిస్కో, టోయో, ఏదైనా సరే) చాలు.

ఇన్‌స్టాక్స్‌లో మూడు సైజులున్నాయి:

- మినీ: షీట్ 86×54 మి.మీ., బొమ్మ 62×46
- స్క్వేర్: షీట్ 86×72, బొమ్మ 62×62
- వైడ్: షీట్ 108×86, బొమ్మ 99×62

4×5కి వైడ్ తీసుకోండి. కలర్ ఉంది, మోనోక్రోమ్ కూడా ఉంది, రెండూ ఐఎస్ఓ 800.

"మా దగ్గర పోలరాయిడ్ 600 ఫిల్మ్ ఉంది, అది వాడొచ్చా" అని కూడా అడుగుతున్నారు. వాడితే బొమ్మ కుడి ఎడమలు తారుమారై వస్తుంది. పోలరాయిడ్ ఫిల్మ్‌లో వెలుతురు పడే వైపూ మనం చూసే వైపూ ఒకటే, అందుకే వాళ్ల కెమెరాల్లో లోపల అద్దం పెడతారు. ఇన్‌స్టాక్స్‌లో వెలుతురు వెనక నుంచి పడుతుంది, మనం ముందు నుంచి చూస్తాం, కాబట్టి అద్దం లేని వ్యూ కెమెరాలో కూడా బొమ్మ సరిగ్గానే వస్తుంది. ఈ ఒక్క కారణం చాలు ఇన్‌స్టాక్స్ ఎంచుకోవడానికి.

ఇంత పని మావల్ల కాదు అనుకునేవాళ్లకి లోమోగ్రఫీ వాళ్లు తెచ్చిన లోమోగ్రాఫ్లాక్ బ్యాక్ (కెమెరా వెనక తగిలించేది) ఉంది. ప్యాక్ మొత్తం అందులోకే ఎక్కుతుంది, ఫోకస్ తేడా సరిచేసుకునే స్పేసర్ కూడా దాంతోనే వస్తుంది. కాకపోతే మీ కెమెరాకి గ్రాఫ్లాక్ బ్యాక్ (ఇలాంటివి గొళ్లేలతో బిగించే రకం) ఉండాలి. స్ప్రింగ్ బ్యాక్ (హోల్డర్‌ని స్ప్రింగులే పట్టి ఉంచేది) మాత్రమే ఉన్న పాత చెక్క కెమెరాలవాళ్లకి కింద చెప్పే పద్ధతే దారి.

2. దగ్గర పెట్టుకోవలసినవి

- ఇన్‌స్టాక్స్ వైడ్ ప్యాక్ ఒకటి
- పూర్తిగా వాడేసిన వైడ్ కార్ట్‌రిడ్జ్ ఒకటి (ఇన్‌స్టాక్స్ వాడే స్నేహితులెవరినైనా అడగండి, అందరూ పారేస్తుంటారు)
- ఏదో ఒక ఇన్‌స్టాక్స్ వైడ్ కెమెరా. పాతదైనా, లెన్స్ గీతలు పడినదైనా, ఫ్లాష్ పోయినదైనా పర్వాలేదు. మోటారు తిరగాలి, రోలర్లు శుభ్రంగా ఉండాలి, అంతే
- 4×5 హోల్డర్
- పెద్ద సైజు చేంజింగ్ బ్యాగ్ (చేతులు దూర్చి చీకట్లో పని చేసుకునే సంచి). వైడ్ కెమెరా లావుగా ఉంటుంది. దాంతోపాటు హోల్డర్, కార్ట్‌రిడ్జ్ పెట్టి చేతులు కదిలే చోటు ఉండాలి
- పాత ఎక్స్‌రే ఫిల్మ్ ఒకటి
- పల్చటి కాగితం, జిగురు, కట్టర్, స్టీల్ స్కేలు
- వెర్నియర్ కాలిపర్, వెనక సన్నటి డెప్త్ రాడ్ ఉన్నది
- నల్లటి ఎలక్ట్రికల్ టేపు
- వెలుతురు తగ్గించే మూడు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్, అంటే ఎన్‌డీ 8 అని అమ్మేది (ఒక్కో స్టాపుకీ వెలుతురు సగం అవుతుంది)
- వెలుతురు చొరని డబ్బా. ఫోటో పేపర్ వచ్చే అట్టపెట్టె, దాని లోపలి నల్ల కవరుతో సహా అయితే చక్కగా సరిపోతుంది

3. ఒక షీట్‌ని పట్టపగలే విప్పి చూడండి

కొత్త ప్యాక్‌లో పైన నల్లటి కవర్ ఉంటుంది, దాని కింద పది షీట్లు. బ్యాగ్‌లో చేతులు పెట్టి నల్ల కవరు, తర్వాత ఒక షీటు బయటికి తీసి, ప్యాక్‌ని అట్టపెట్టెలో భద్రంగా మూసేయండి. ఆ ఒక్క షీట్‌ని వెలుతురులోకి తెచ్చుకోండి. ఇదే మీ డమ్మీ.

ఇప్పుడు నింపాదిగా దాన్ని వేళ్లతో తడమండి. 108 మి.మీ. పొడవున్న ఒక అంచు వెంట సన్నటి గట్టులా చేతికి తగులుతుంది. అది పాడ్, డెవలప్ చేసే పేస్టు అందులోనే ఉంటుంది. ఫోటో చేతికొచ్చాక కింద కనిపించే వెడల్పాటి తెల్ల అంచు ఇదే. దాన్ని నొక్కితే పేస్టు ముందే కారిపోతుంది, ఆ షీట్ ఇక పనికిరాదు. ఎప్పుడు పట్టుకున్నా పొట్టి అంచుల దగ్గరే పట్టుకోండి.

చీకట్లో తెలిసి ఉండాల్సినవి రెండే రెండు సంగతులు:

- కార్ట్‌రిడ్జ్ కిటికీ వైపు చూసే ముఖమే లెన్స్ వైపు చూడాలి
- రోలర్ల లోకి పాడ్ ఉన్న అంచే ముందు వెళ్లాలి

కార్ట్‌రిడ్జ్ అడుగున, పాడ్‌కి ఎదురు అంచు దగ్గర, కెమెరా కొక్కెం షీట్‌ని తోసే చిన్న గాడి ఉంటుంది. అక్కడ గోరుతో మెల్లగా తోస్తే షీటు పై చీలికలోంచి కొంచెం బయటికి వస్తుంది. వచ్చిన కొసని రెండు మూలల దగ్గర పట్టి లాగాలి, మధ్యలో కాదు, ఎందుకంటే బయటికి వచ్చేది పాడ్ అంచే.

దీన్ని కళ్లు తెరిచి ఒకసారి, మూసుకుని ఇంకోసారి, అలా చేతులు వెతుక్కోకుండా నేరుగా వెళ్లేదాకా చేయండి. వీడియోలు ఎన్ని చూసినా ఈ మెట్టు దాటేస్తే బ్యాగ్‌లో చేతులు పెట్టగానే టెన్షన్ మొదలవుతుంది.

షీట్‌ని ఏ అంచునా కత్తిరించకండి. లోపలి పేస్టు క్షార స్వభావం ఉన్నది, చర్మాన్ని మంటపెడుతుంది. డమ్మీ పాడ్ పొరపాటున పగిలితే వెంటనే నీళ్లతో బాగా కడగండి, పిల్లలకి అందనివ్వకండి.

4. క్యారియర్ తయారు చేయడం

హోల్డర్ లోపల రెండు పొడుగు అంచుల వెంట, ఒక పొట్టి అంచు వెంట సన్నటి పట్టీలు ఉంటాయి. షీట్ ఫిల్మ్ వాటి కిందికి జారి నిలబడుతుంది. ఇన్‌స్టాక్స్ వెడల్పు 86 మి.మీ.నే కాబట్టి ఆ పట్టీలు దాన్ని పట్టుకోలేవు. అందుకే సరిగ్గా 4×5 ఫిల్మ్ సైజులో ఒక పల్చటి రేకు కావాలి.

దీనికి ఇంట్లో మూలన పడి ఉన్న ఎక్స్‌రే ఫిల్మ్ కంటే మంచిది లేదు. మందం దాదాపు షీట్ ఫిల్మంతే, వంగదు, చిరగదు, నల్లగా ఉంటుంది.

ఎ) పాత 4×5 షీట్ ఒకటి పైన పెట్టి గీసుకుని కత్తిరించండి. స్కేలుతో 101.6×127 అని కొలిచి కోస్తే పట్టదు, 4×5 అనేది పేరే గానీ ఫిల్మ్ నిజంగా ఒకటి రెండు మి.మీ. చిన్నగా ఉంటుంది.

బి) మూలలు కొంచెం గుండ్రంగా కోయండి, లేకపోతే పట్టీల్లో ఇరుక్కుంటాయి.

సి) డమ్మీ షీట్‌ని మధ్యలో, 108 మి.మీ. అంచు క్యారియర్ పొడవు వెంట వచ్చేలా పెట్టండి. పాడ్ పొడుగు అంచు వైపు వస్తుంది. అది హోల్డర్ పట్టీ కిందికి అస్సలు వెళ్లకూడదు, ఒకట్రెండు మి.మీ. ఎడం కనపడాలి.

డి) నాలుగు మూలలకీ కాగితం త్రికోణాలు అతికించండి, పాత పెళ్లి ఆల్బమ్‌లలో ఫోటోలు నిలబెట్టడానికి వాడేవి ఉంటాయే, అవే. అంచు వెంట 8 మి.మీ. చాలు, అంతకు మించితే బొమ్మ మూల మీదికి వస్తాయి. జిగురు కాగితం బయటి అంచుకే, షీట్‌కి అంటకూడదు.

డబుల్ సైడ్ టేపు వాడొచ్చు కదా అంటారు. వాడొచ్చు గానీ క్యారియర్‌కి ఆనేది మనం చివరికి చూసే ముఖం, దాని మీద జిగురు మిగిలితే బొమ్మ మీదే మిగిలినట్టు. పైగా ఎక్స్‌పోజ్ అయిన షీట్‌ని చీకట్లో టేపు మీంచి పీకేటప్పుడు పాడ్ నలిగే ప్రమాదం ఎక్కువ. కాగితం మూలలైతే షీట్‌ని కొంచెం వంచి తీసేయొచ్చు, మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు.

ఇ) పాడ్ ఎటు వైపు రావాలో క్యారియర్ అంచు మీద చిన్న గాటు పెట్టండి. చీకట్లో వేలికి తగులుతుంది.

ఎఫ్) డమ్మీతో సహా హోల్డర్‌లోకి ఎక్కించి, డార్క్ స్లైడ్‌ని నెమ్మదిగా లోపలికి తోయండి. ఎక్కడైనా గీరుకుంటున్నట్టు అనిపిస్తే ఆపండి. పాడ్ దగ్గరే గీరుకుంటుంది సాధారణంగా. అప్పుడు ఇంకా పల్చటి రేకు వాడాలి, లేదా వేరే కంపెనీ హోల్డర్ చూడాలి. అన్ని హోల్డర్లలో స్లైడ్‌కి కింద ఉండే ఖాళీ ఒకేలా ఉండదు. గీరుకునే హోల్డర్‌తో సర్దుకుపోదాం అనుకోకండి.

5. ఫోకస్ తేడా ఎంతో కొలవండి

4×5 హోల్డర్‌లో ముందు ముఖం నుంచి ఫిల్మ్ ఆనే అడుగు దాకా లోతు ప్రమాణం ప్రకారం 0.197 అంగుళం, అంటే 5 మి.మీ. మీ గ్రౌండ్ గ్లాస్ (ఫోకస్ చూసుకునే గరుకు గాజు) ఆ లెక్కకే సెట్ అయి ఉంటుంది. ఇప్పుడు మనం అడుగున క్యారియర్ వేసి, దాని మీద షీట్ ఫిల్మ్ కంటే లావైన ఇన్‌స్టాక్స్ పెట్టాం. అంటే ఫిల్మ్ లెన్స్‌కి కాస్త దగ్గరికి వచ్చింది.

కొలవడం ఇలా: హోల్డర్ ముఖం మీద స్టీల్ స్కేలు అడ్డంగా పెట్టి, కాలిపర్ వెనక రాడ్‌తో ఫిల్మ్ మధ్యభాగం దాకా లోతు చూడండి. ముందు మామూలు షీట్ ఫిల్మ్‌తో, తర్వాత డమ్మీతో. స్కేలు మందం రెండింట్లోనూ ఒకటే కాబట్టి తీసివేతలో పోతుంది. వచ్చిన తేడాని హోల్డర్ మీద రాసిపెట్టుకోండి.

ఆ తేడా ఎంత బాధిస్తుందో లెక్క వేసుకోవచ్చు. ఇన్‌స్టాక్స్‌ని ఎవరూ ఎన్లార్జ్ చేయరు, చేతిలో పట్టుకునే చూస్తారు, కాబట్టి 0.1 మి.మీ. బ్లర్ దాకా కంటికి షార్ప్‌గానే ఉంటుంది. ఫిల్మ్ అటూ ఇటూ జరగడానికి ఉండే వెసులుబాటు, ఎఫ్ నంబర్‌ని ఆ 0.1తో గుణిస్తే వస్తుంది:

- ఎఫ్/5.6 దగ్గర దాదాపు 0.56 మి.మీ.
- ఎఫ్/16 దగ్గర 1.6 మి.మీ.
- ఎఫ్/22 దగ్గర 2.2 మి.మీ.

ఎఫ్/16 అంతకంటే చిన్న అపర్చర్‌లో తీసేవాళ్లు కొలత 1 మి.మీ. లోపు ఉంటే దీన్ని వదిలేయొచ్చు. పోర్ట్రెయిట్లు ఎఫ్/5.6లో తీయాలనుకునేవాళ్లు మాత్రం వదలకూడదు. ఫిల్మ్ లెన్స్‌కి దగ్గరగా ఉంటే ఫోకస్ మీరు అనుకున్న చోటికి వెనక పడుతుంది. కళ్ల మీద పెట్టిన ఫోకస్ చెవుల మీదికి పోతుంది.

సరిచేయడం తేలిక. కెమెరా బెడ్ మీద గ్రాఫ్ కాగితం ముక్క అతికించండి. గ్రౌండ్ గ్లాస్ మీద ఫోకస్ చేశాక, కొలిచిన తేడా ఎంతో అంత లెన్స్‌ని ముందుకి జరపండి, అంటే బెల్లోస్ (లెన్స్‌కీ కెమెరా వెనక భాగానికీ మధ్య ఉండే మడతల గొట్టం) అంతమేర సాగాలి. లాక్ బిగించి అప్పుడు హోల్డర్ పెట్టండి.

6. గ్రౌండ్ గ్లాస్ మీద ఫ్రేమ్ గీయండి

మీకు కనిపించేది 4×5, వచ్చేది 99×62. పైగా బొమ్మ షీట్ మధ్యలో ఉండదు. 86 మి.మీ. వెడల్పులో బొమ్మ పోగా మిగిలే 24 మి.మీ.లో ఎక్కువ భాగం పాడ్ వైపే ఉంటుంది కాబట్టి బొమ్మ ఒక పక్కకి జరిగి ఉంటుంది.

డమ్మీని హోల్డర్‌లో ఎక్కించి డార్క్ స్లైడ్ తీసేసి, బొమ్మ ప్రాంతం నాలుగు అంచులూ హోల్డర్ లోపలి అంచుల నుంచి ఎంతెంత దూరంలో ఉన్నాయో కొలవండి. అవే దూరాలతో గ్రౌండ్ గ్లాస్ గరుకు వైపున పెన్సిల్‌తో గీయండి. హోల్డర్‌ని కెమెరాలో దూర్చే దిశలోనే పట్టుకుని కొలవండి, లేకపోతే ఎడమకి గీయాల్సింది కుడికి గీస్తారు.

పాడ్ ఎప్పుడూ ఒకే వైపు వచ్చేలా లోడ్ చేస్తేనే ఈ గీతకి అర్థం ఉంటుంది. క్యారియర్ మీద గాటు పెట్టమన్నది దీనికోసం కూడా.

7. రోలర్ కెమెరాని, ఖాళీ కార్ట్‌రిడ్జ్‌ని సిద్ధం చేయండి

ఇన్‌స్టాక్స్ కెమెరాని ఇక్కడ రోలర్ యంత్రంగానే వాడుతున్నాం. దాని లెన్స్ మీద నల్ల టేపు రెండు వరసలు వేయండి, ఫ్లాష్ మీద కూడా వేయండి. వైడ్ 300 లాంటివి డోర్ తెరిచి మూశాక మొదటిసారి బటన్ నొక్కినప్పుడు పైనున్న దాన్ని నల్ల కవర్ అనుకుని షట్టర్ తెరవకుండానే బయటికి తోస్తాయి, మనకి కావలసింది అదే. మోడల్‌ని బట్టి ఇది మారొచ్చు, టేపు ఉంటే మాత్రం షట్టర్ తెరుచుకున్నా ఫిల్మ్‌కి ఏమీ కాదు.

రోలర్లు చూడండి. ఎండిపోయిన పేస్టు చుక్క ఒక్కటి ఉన్నా ప్రతి ఫోటోలోనూ ఒకే చోట మచ్చ పడుతుంది. కొంచెం తడి గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, వేలితో తిప్పి మళ్లీ చూడండి.

ఖాళీ కార్ట్‌రిడ్జ్ పై చీలిక దగ్గర వెలుతురు రాకుండా పల్చటి అడ్డు ఉంటుంది. షీట్ లోపలికి వెళ్లేటప్పుడు అదే అడ్డం పడుతుంది. కట్టర్‌తో దాన్ని జాగ్రత్తగా తీసేయండి. ఈ కార్ట్‌రిడ్జ్ ఎలాగూ చీకట్లోనే తిరుగుతుంది కాబట్టి నష్టం లేదు. డమ్మీతో పది పన్నెండుసార్లు లోపలికి పెట్టి తీయండి.

చివరగా అదే డమ్మీని కెమెరాలో పెట్టి బటన్ నొక్కండి. పేస్టు అంతటా సమానంగా పరుచుకుందో లేదో బొమ్మ ప్రాంతం చూస్తే తెలుస్తుంది. ఇక్కడితో డమ్మీ పని అయిపోయింది, కానీ పారేయకండి, క్యారియర్లు ఇంకా చేసుకోవడానికి కొలత అవుతుంది.

8. లోడింగ్

మొదలుపెట్టే ముందు చేతి గడియారం తీసేయండి. స్మార్ట్ వాచ్ అయితే మరీ ముఖ్యం, బ్యాగ్‌లో చెయ్యి తిప్పగానే దాని స్క్రీన్ వెలిగి ప్యాక్ మొత్తాన్ని పాడుచేస్తుంది. ఉంగరాలు, గాజులు కూడా తీస్తే మంచిది. చేతులు కడిగి బాగా ఆరబెట్టుకోండి.

బ్యాగ్‌లో ఎడమ పక్క ఫిల్మ్ ఉన్న అట్టపెట్టె, మధ్యలో హోల్డర్, కుడి పక్క క్యారియర్. ఎప్పుడూ ఇదే వరస.

1. హోల్డర్ డార్క్ స్లైడ్ సగం పైన బయటికి లాగి, కింది రెక్క తెరిచి ఉంచండి.
2. ప్యాక్‌లోంచి ఒక షీట్ తోసి, మూలల దగ్గర పట్టి తీయండి.
3. కిటికీ వైపు ఉన్న ముఖాన్ని చూపుడు వేలితో పట్టి ఉంచండి, ఆ వేలు తీయకుండానే క్యారియర్ దగ్గరికి తీసుకెళ్లండి.
4. ఆ ముఖం పైకి వచ్చేలా, పాడ్ గాటు వైపు వచ్చేలా నాలుగు మూలల్లోకి దూర్చండి.
5. క్యారియర్‌ని పట్టీల కిందికి జార్చండి. రెండు పక్కలా పట్టీ కిందే ఉందో లేదో గోటితో తడిమి చూడండి.
6. రెక్క మూసి, స్లైడ్ పూర్తిగా తోయండి. తెల్ల వైపు బయటికి, అంటే ఇంకా ఎక్స్‌పోజ్ కాలేదని.
7. మిగిలిన ప్యాక్‌ని నల్ల కవరులో చుట్టి పెట్టె మూశాకే బ్యాగ్ జిప్ తీయండి.

ఎండాకాలంలో విజయవాడలోనో రాజమండ్రిలోనో మధ్యాహ్నం బ్యాగ్‌లో చేతులు పెడితే ఐదు నిమిషాలకే చెమట పడుతుంది. తెల్లవారుజామున లోడ్ చేసుకోండి.

9. ఎక్స్‌పోజర్

ఐఎస్ఓ 800 అనేది పెద్ద కెమెరాలకి చాలా వేగం. నిండు ఎండలో లెక్క ఎఫ్/22 దగ్గర 1/400 సెకను వస్తుంది. పాత షట్టర్లలో ఆ పై వేగాలే నమ్మదగ్గవి కావు, మీద 1/400 అని రాసి ఉన్నా లోపల చాలా నెమ్మదిగా తిరగొచ్చు, కోపల్ 3 లాంటి పెద్ద షట్టర్లలో అయితే 1/125 దాటి లేనే లేదు. అందుకే మూడు స్టాపుల ఎన్‌డీ పెట్టి ఐఎస్ఓ 100గా వాడటం నా సలహా. అప్పుడు ఎండలో ఎఫ్/22 దగ్గర 1/60కి దగ్గర్లో ఉంటారు. నీడలోకి వెళ్తే ఫిల్టర్ తీసేస్తే చాలు, లెక్క దాదాపు అదే.

ఇన్‌స్టాక్స్‌ని స్లైడ్ ఫిల్మ్‌లా చూడండి. తెల్లచొక్కా, ఆకాశం లాంటివి ఒకసారి తెల్లబడిపోతే ఇక తిరిగి రావు. సందేహం ఉంటే అర స్టాపు తక్కువ ఇవ్వండి.

దగ్గరి వస్తువులు తీసేటప్పుడు బెల్లోస్ సాగిన లెక్క మరవకండి. 150 మి.మీ. లెన్స్‌కి బెల్లోస్ 200 దాకా సాగితే, 200ని 150తో భాగించి వర్గం చేస్తే 1.78, అంటే ఒక స్టాపుకి కాస్త తక్కువ వెలుతురు అదనంగా ఇవ్వాలి.

కొత్త ప్యాక్, కొత్త లెన్స్ అయితే ఒక్క షీట్ మీదే నాలుగు ఎక్స్‌పోజర్ల టెస్ట్ చేయొచ్చు. రోజంతా అంచనాలు వేసుకునే పని తప్పుతుంది:

- డార్క్ స్లైడ్ పూర్తిగా లాగి 1/60 ఇవ్వండి
- స్లైడ్‌ని పావు వంతు లోపలికి తోసి మళ్లీ 1/60
- సగం దాకా తోసి 1/30
- ముప్పావు దాకా తోసి 1/15

మొదట మూసిన పట్టీకి ఒక వంతు, తర్వాతి వాటికి రెండు, నాలుగు, ఎనిమిది వంతులు పడతాయి, అంటే పట్టీకీ పట్టీకీ సరిగ్గా ఒక్కో స్టాపు తేడా. ట్రైపాడ్ కదలకూడదు, ఎదురుగా కదలని వస్తువు ఉండాలి.

ఫోటో తీశాక స్లైడ్ నల్ల వైపు బయటికి వచ్చేలా తిప్పి మూయండి.

10. బయటికి తీయడం

బ్యాగ్‌లో హోల్డర్, ఖాళీ కార్ట్‌రిడ్జ్, కెమెరా. కెమెరా వెనక డోర్ తెరిచి పెట్టండి.

క్యారియర్‌ని హోల్డర్‌లోంచి జార్చి తీసి, పాడ్ లేని వైపు మూలలు ముందు విడిపించండి. షీట్ దానంతటదే వదులవుతుంది. కిటికీ వైపు ముఖం మళ్లీ కిటికీ వైపే ఉండేలా, పాడ్ లేని అంచు ముందుగా, చీలికలోంచి లోపలికి తోయండి. పాడ్ అంచు చీలిక దగ్గరే ఆగాలి, బయటికి పొడుచుకుని ఉండకూడదు.

కార్ట్‌రిడ్జ్‌ని కెమెరాలో పెట్టి డోర్ మూసి, బ్యాగ్‌లోంచే బటన్ నొక్కండి. మోటారు చప్పుడు ఆగాక షీట్‌ని నిటారుగా లాగండి, పక్కకి వంచకండి. రోలర్లు దాటాక వెలుతురులోకి తేవచ్చు.

ఒకేసారి ఒక్క షీటే పెట్టండి. రెండు పెడితే అవి ఒకదాన్నొకటి తోసుకుని పాడ్‌లు నలుగుతాయి.

బొమ్మ తేలడానికి దాదాపు 90 సెకన్లు పడుతుంది. ఈ ఫిల్మ్ పనిచేసే వేడి 5 నుంచి 40 డిగ్రీలు. రామగుండంలో మే నెల ఎండలో నిలబడి డెవలప్ చేస్తే రంగులు తేడాగా వస్తాయి, నీడలోకో గదిలోకో వచ్చి తీయండి. షికాగో చలికాలంలో తీసే మనవాళ్లకి దీనికి ఎదురు సమస్య, షీట్ బయటికి రాగానే కోటు లోపలి జేబులో పెట్టుకోండి. ఫ్రిజ్‌లో దాచిన ప్యాక్ అయితే తెరిచే ముందు గది వేడికి రానివ్వండి, లేకపోతే లోపల చెమ్మ పడుతుంది.

11. ఫోటో చూసి తప్పు పట్టుకోవడం

ఇది పాజిటివ్ ఫిల్మ్. వెలుతురు పడకపోతే నలుపు, ఎక్కువ పడితే తెలుపు. ఇది గుర్తుంటే సగం సమస్యలు మీరే కనిపెడతారు.

*మొత్తం నల్లగా వచ్చింది.* డార్క్ స్లైడ్ తీయలేదు, లేదా షీట్ తిరగేసి పెట్టారు. లోడింగ్ దగ్గర చెప్పిన చూపుడు వేలి సూత్రం మళ్లీ ప్రాక్టీస్ చేయండి.

*మొత్తం తెల్లగా వచ్చింది.* బ్యాగ్‌లోకి వెలుతురు వచ్చింది, లేదా రోలర్ కెమెరా టేపు ఊడి షట్టర్ తెరుచుకుంది. ముందు టేపు చూడండి.

*ఒక అంచు నుంచి తెల్లటి చార.* హోల్డర్ నుంచో బెల్లోస్ నుంచో వెలుతురు కారుతోంది. ఐఎస్ఓ 100 ఫిల్మ్‌తో ఇన్నేళ్లూ బయటపడని లీకు 800తో బయటపడుతుంది. చీకటి గదిలో బెల్లోస్ లోపల టార్చి పెట్టి, మడతల మూలలు ఒక్కొక్కటే చూడండి. చార ప్రతిసారీ ఒకే హోల్డర్‌లో వస్తుంటే స్లైడ్ దూరే మూతి దగ్గరి సీలు అరిగినట్టు.

*ఒక మూల పేస్టు చేరలేదు.* షీట్ వంకరగా వెళ్లింది, లేదా పాడ్ ఒక పక్క ముందే నలిగింది. వంకర అయితే కార్ట్‌రిడ్జ్‌లో షీట్ పూర్తిగా కూర్చోలేదని అర్థం.

*ప్రతి ఫోటోలో ఒకే దూరంలో మచ్చలు.* రోలర్ మీద ఎండిన పేస్టు.

*ఫోకస్ వస్తువు వెనక పడింది.* అయిదో మెట్టు కొలత మళ్లీ చూసుకోండి.

బయల్దేరే ముందు చూసుకోవడానికి:

- హోల్డర్ స్లైడ్ తెల్ల వైపు బయటికి ఉందా
- రోలర్ కెమెరా బ్యాటరీలు కొత్తవేనా, లెన్స్ టేపు గట్టిగా ఉందా
- ఎన్‌డీ ఫిల్టర్ పెట్టుకున్నారా
- ఫోకస్ తేడా హోల్డర్ మీద రాసి ఉందా
- విమానంలో అయితే ఫిల్మ్ చేతి సంచిలోనే ఉందా. చెక్-ఇన్ బ్యాగులో పెట్టకండి, స్కానర్ దగ్గర చేత్తో చూడమని అడగండి

12. గాజు ప్లేటు హోల్డర్లు ఉన్నవాళ్లకి

పాత స్టూడియోల నుంచి వచ్చిన చెక్క కెమెరాలు, అలప్పుళలో తయారైన వాగీశ్వరి లాంటివి, దొరికినవాళ్లు కూడా అడుగుతున్నారు. వీటి హోల్డర్లు గాజు ప్లేట్లకి చేసినవి కాబట్టి లోపల లోతు ఎక్కువ. ఒక రకంగా ఇవే తేలిక, డార్క్ స్లైడ్ గీరుకునే బెడద దాదాపు ఉండదు.

హాఫ్ ప్లేట్ అంటే 4¾×6½ అంగుళాలు, దాదాపు 120×165 మి.మీ. వైడ్ షీట్ అందులో హాయిగా పడుతుంది. ఎక్స్‌రే ఫిల్మ్‌కి బదులు గాజు ప్లేటు సైజులో మౌంట్ బోర్డు ముక్క కోసి, దాని మీద కాగితం మూలలు అతికించండి. బోర్డు, ఇన్‌స్టాక్స్ రెండూ కలిపిన మందం పాత ప్లేటు మందానికి సమానంగా ఉంటే ఫోకస్ సర్దే పనే ఉండదు. పాత ప్లేటు ఒకటి దొరికితే కాలిపర్‌తో కొలిచి, బోర్డు అంతకు తగ్గట్టు ఎంచుకోండి. కొన్ని హోల్డర్లలో వెనక స్ప్రింగు ప్లేటుని ముందుకి నొక్కుతుంది, అది పాడ్ ఉన్న చోట నొక్కకుండా చూసుకోండి.

క్వార్టర్ ప్లేట్‌తో మాత్రం జాగ్రత్త. 3¼×4¼ అంగుళాలు అంటే 82.5×108 మి.మీ. వైడ్ షీట్ పొడవు సరిపోయినట్టే కనిపిస్తుంది గానీ వెడల్పు మూడున్నర మి.మీ. ఎక్కువ, ఎంత ప్రయత్నించినా పట్టదు, కోయడానికి వీల్లేదు. వాటికి ఇన్‌స్టాక్స్ స్క్వేర్ తీసుకోండి. 86×72 షీట్‌ని పొడుగ్గా తిప్పితే చుట్టూ ఖాళీ మిగిలి కూర్చుంటుంది, రోలర్ల కోసం స్క్వేర్ కెమెరా, స్క్వేర్ ఖాళీ కార్ట్‌రిడ్జ్ వేరుగా పెట్టుకోవాలి. స్క్వేర్ కొలతలు వేరు కాబట్టి డమ్మీ, క్యారియర్, గ్రౌండ్ గ్లాస్ గీత అన్నీ మూడో మెట్టు నుంచి మళ్లీ చేయండి.